ఆటిజం ఉన్నవాళ్లు టీచర్ల ట్రైనింగ్, ప్రభుత్వ కమిటీల పని వృత్తిగా పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ. మీకు 27 ఏళ్లు, రెండేళ్ల కిందట ఆటిజం అని తేలింది. ఒక టీచర్ల శిక్షణలో "మీ అనుభవం చెప్పండి" అంటే వెళ్లి మాట్లాడారు, వాళ్లకు బాగా నచ్చింది. ఇప్పుడు జిల్లాలో ఒక కమిటీలో మీ పేరు పెడతామంటున్నారు. దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా, డిగ్రీ కావాలా, డబ్బులు అడగొచ్చా, ఉన్న ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందా అని మీ సందేహం.

పెట్టుకోవచ్చు. నాకు 31వ ఏట ఆటిజం అని తెలిసింది. ఆ మరుసటి ఏడు నుంచి హైదరాబాద్‌లో ఉంటూ ఇదే పని చేస్తున్నాను, పదకొండేళ్లయింది. అయితే మొదటి రెండు మూడేళ్లు ఉద్యోగం వదలొద్దు. ఈ పనికి నెల జీతం ఇచ్చే చోట్లు మన దగ్గర చాలా తక్కువ. నేను నాలుగేళ్ల పాటు ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్లు చూసుకుంటూనే సెలవు రోజుల్లో ట్రైనింగ్‌లకు వెళ్లాను.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. వాళ్లు మిమ్మల్ని మీ కథ కోసం పిలుస్తారు. మీరు మాత్రం అక్కడ ఏదో ఒక పద్ధతి మార్చాలని వెళ్లండి. ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో కాస్త వివరంగా చెబుతాను.

మొదటి రెండేళ్లు నేనూ కథే చెప్పాను. ఒక ఎండాకాలం శిక్షణ బాగా గుర్తుంది. నూట ఇరవై మంది టీచర్లు, రేకుల కప్పు ఉన్న హాలు. నా తల మీద ఉన్న ఫ్యాను తిరిగినప్పుడల్లా టక్ టక్‌మంటోంది. ఆ చప్పుడు తప్ప నాకు ఇంకేమీ సరిగా వినపడట్లేదు. అయినా బడిలో బెంచీ కింద దూరి కూర్చున్న రోజుల గురించి చెప్పాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. చివర్లో వెనకనుంచి వచ్చి శాలువా కప్పారు. చెప్పకుండా ఒంటి మీద ఏదైనా పడితే నాకు ఒళ్లంతా జలదరిస్తుంది, పైగా ఆ జరీ అంచు మెడకు గీసుకుంది. పళ్లు బిగబట్టి ఫొటోకు నిలబడ్డాను.

ఆరు నెలల తర్వాత అదే మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. మూడో తరగతి బాబు ఒకడు వరండాలో గోడవైపు తిరిగి ఒక్కడే కూర్చున్నాడు. గంట కొట్టినప్పుడల్లా అరుస్తున్నాడని బయట కూర్చోబెట్టారట. ఆ టీచర్ నన్ను గుర్తుపట్టి, చేయి పట్టుకుని, "మీ మాటలు మర్చిపోలేదు మేడమ్, ఆ రోజు ఏడ్చేశాను" అన్నారు. ఆవిడ మంచి టీచర్. పిల్లల మీద నిజంగా ప్రేమ ఉన్న మనిషి. నా మాటలు ఆవిడను కదిలించాయి, కానీ సోమవారం బడికి వెళ్లి ఏం చేయాలో నేను ఒక్క ముక్క చెప్పలేదు. తప్పు నాదే.

ఆ రోజు ఇద్దరం కలిసి గంట దగ్గరికి వెళ్లి చూశాం. వేప కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, పక్కన ఇనుప కడ్డీ. తరగతి గుమ్మానికి పది అడుగుల దూరం కూడా లేదు. దాన్ని ఆవరణ అవతలి మూలకు మార్చమన్నాను. గంట కొట్టే రెండు నిమిషాల ముందు బాబుకు గంట బొమ్మ ఉన్న కార్డు చూపించమన్నాను. మూడో ఆలోచన ఆ టీచర్‌దే. కొన్నాళ్లకు కడ్డీ బాబు చేతికే ఇచ్చారు. ఎప్పుడు మోగుతుందో తనకు ముందే తెలుసు కాబట్టి ఆ మోతను వాడు తట్టుకోగలిగాడు, మెల్లగా తరగతి లోపలికి వచ్చాడు. అందరు పిల్లలకూ ఇది పనిచేస్తుందని అనుకోవద్దు. ఇంకో బడిలో ఒక పాప ఆ కడ్డీని ముట్టుకోనే లేదు.

అప్పటినుంచి నా సెషన్ మారిపోయింది. గంటన్నర ఇస్తే నా కథ పదిహేను నిమిషాలే. మిగతా సమయంలో ప్రతి టీచర్ తన తరగతిలో ఉన్న ఒక పిల్లవాడిని మనసులో పెట్టుకుని మూడు సంగతులు రాయాలి. వాడు ఎప్పుడు ఇబ్బంది పడుతున్నాడు, దానికి ముందు ఏం జరుగుతోంది, వచ్చే సోమవారం నేను ఏం మారుస్తాను. నెల తర్వాత వాళ్లలో పదిమందికి ఫోన్ చేస్తాను. ఈ ఫోన్లే నాకు అసలు పాఠాలు నేర్పాయి.

అనుభవంతో పాటు వాదన కూడా కావాలి. ఒక ట్రైనింగ్ పుస్తకంలో "పిల్లవాడు కళ్లలోకి చూసేలా అలవాటు చేయాలి" అని ఒక లక్ష్యం రాసి ఉండేది. అలా చూడటం నాకు ఎంత కష్టమో చెప్పాను. అయ్యో అన్నారు, ఆ వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడు డామియన్ మిల్టన్ వాదన పట్టుకుని వెళ్లాను. ఆయన ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త. ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అర్థంకాకపోవడం రెండు వైపులా ఉంటుందని, దాన్ని ఒకరి లోపంగా చూడటం సరికాదని 2012లో రాశారు. ఆ వాదన పక్కన నా అనుభవం పెట్టేసరికి వినిపించుకున్నారు. ఆ వాక్యం తీసేసి, "వింటున్నాడో లేదో చూపును బట్టి కాకుండా జవాబును బట్టి తెలుసుకోవాలి" అని రాశారు. ఎన్ని సన్మానాలు జరిగినా ఆ ఒక్క వాక్యం మారినంత సంతోషం నాకు కలగలేదు.

డిగ్రీ సంగతి. సెషన్ చెప్పడానికి, కమిటీలో కూర్చోడానికి డిగ్రీ అక్కర్లేదు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే మాత్రం ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. అది లేకుండా థెరపీ సలహాలు ఇవ్వకండి. సెషన్ అయిపోగానే తల్లులు చుట్టూ చేరి "మా బాబుకు ఏ థెరపీ మంచిది, మందు వాడమంటారా" అని ఆశగా అడుగుతారు. వైద్యం గురించి డాక్టర్‌నే అడగమని సున్నితంగా చెప్పండి. మీకు తోచింది చెప్పాలనిపిస్తే "నాకైతే చిన్నప్పుడు ఇలా ఉండేది" అన్నంత వరకే.

మీరు తప్పకుండా చదవాల్సింది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం. నాకు మూడు ఆదివారాలు పట్టింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఈ కొత్త చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం పేరుతో సహా ఉంది. బడుల గురించి మాట్లాడేటప్పుడు, బడుల బాధ్యతలేమిటో చెప్పే సెక్షన్ 16 చేతిలో ఉండాలి. "ఒక్క టీచర్ ఇంతమందిని ఎలా చూస్తారు" అన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పైతరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని చెప్పింది. ఆ సంగతి చెబితే టీచర్లు మిమ్మల్ని తమ మనిషిగా చూస్తారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలు నడిపే రిసోర్స్ టీచర్లతో స్నేహం చేసుకోండి. క్షేత్రంలో ఏం జరుగుతోందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక కమిటీ. ముందు అది ఏ చట్టం కింద, ఏ సెక్షన్ కింద వేస్తున్న కమిటీయో అడగండి. మీరు రాసినదాన్ని బట్టి అది రెండింటిలో ఒకటి కావచ్చు.

ఒకటి, 2016 చట్టం సెక్షన్ 72 కింద వేసే జిల్లా స్థాయి కమిటీ. అది ఏం పనులు చేయాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కాబట్టి ఆ నియమాల కాపీ తీసుకోండి. దీనికి పైన సెక్షన్ 66 కింద రాష్ట్ర సలహా బోర్డు ఉంటుంది, ఆరు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలి. ఆ బోర్డులో సంఘాల తరఫున పదిమందిని నామినేట్ చేస్తారు. వాళ్లు "వీలైనంతవరకు" వైకల్యం ఉన్నవాళ్లే అయి ఉండాలని చట్టం అంటుంది. ఆ పదిమందిలో కనీసం ఐదుగురు మహిళలు, ఎస్సీ, ఎస్టీల నుంచి కనీసం ఒక్కొక్కరు ఉండాలి. "వీలైనంతవరకు" అన్న ఆ మాట దగ్గరే మన కుర్చీ జారిపోతుంది. చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లు దశాబ్దాలుగా పోరాడి తమ ప్రతినిధులను తయారు చేసుకున్నారు. ఆటిజం మాట వచ్చేసరికి "వాళ్లు మాట్లాడలేరు కదా" అని తల్లిదండ్రులనో, సెంటర్ నడిపేవాళ్లనో కూర్చోబెడతారు. ఈ నామినేషన్లు సంఘాల పేరు మీదే జరుగుతాయి కాబట్టి మీరు ఒంటరిగా ఉండిపోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఏడుగురు దొరకడం కష్టమేమీ కాదు. మాకు ఎనిమిది నెలలు పట్టింది, అంతే.

రెండోది, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఉండే లోకల్ లెవెల్ కమిటీ. ఇందులో ముగ్గురే సభ్యులు. కలెక్టర్ స్థాయి అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి. 18 ఏళ్లు దాటిన ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు గార్డియన్‌ను నియమించేది ఈ కమిటీయే. ఆ మూడో కుర్చీకి చట్టంలో రాసిన నిర్వచనం 1995 చట్టం నుంచి తెచ్చింది. ఇందాక చెప్పాను కదా, అందులో ఆటిజం లేదు. అంటే ఆటిజం ఉన్నవాళ్ల గార్డియన్‌షిప్ తేల్చే కమిటీలో ఆటిజం ఉన్నవాళ్లకు చోటు రాసిపెట్టలేదు. 2016 తర్వాతే మనకు తలుపు తెరుచుకుంది.

అలాంటి ఒక విచారణలో నేనూ కూర్చున్నాను. 22 ఏళ్ల అబ్బాయి, మాట రాదు. అకౌంట్ తెరవాలంటే గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకువాళ్లు అన్నారని తల్లి దరఖాస్తు పెట్టారు. అందరూ ఆవిడతోనే మాట్లాడుతున్నారు. అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి ఊచలు లెక్కపెడుతున్నాడు. అతన్ని కూడా అడుగుదాం అన్నాను. "ఏం చెబుతాడు మేడమ్" అన్నారు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో "డబ్బు బ్యాంకులో ఎవరు దాచాలి?" అని రాసి, కింద "నేను", "అమ్మ", "ఇద్దరం" అని మూడు గడులు గీసి బల్ల మీద పెట్టి దూరం జరిగాను. ఆరేడు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, నేనే వద్దన్నాను. అతను వచ్చి "ఇద్దరం" మీద వేలు పెట్టి, పెన్ను తీసుకుని గడి చుట్టూ ఇంకో గీత గీశాడు. వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. చివరికి జాయింట్ అకౌంట్‌తో పని అయిపోయింది. 2016 చట్టం సెక్షన్ 14 కూడా చెప్పేది ఇదే. గార్డియన్ అవసరమైనా అది పరిమితంగా, ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టాన్ని బట్టి, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయంగా ఉండాలి. మీరు కూర్చోబోయేది ఈ కమిటీ అయితే మీ వల్ల నిజంగా కొన్ని జీవితాలు మారతాయి. దయచేసి ఒప్పుకోండి.

ఏ కమిటీ అయినా పని జరిగేది కాగితం మీదే. ఎజెండా వారం ముందు రాతపూర్వకంగా పంపమని అడగండి. అక్కడికక్కడ నలభై పేజీల ఫైలు చేతిలో పెట్టి "అభిప్రాయం చెప్పండి" అంటే నాకు ఒక్క మాట రాదు, మీకూ రాకపోవచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు, చట్టం దాన్ని సహేతుకమైన సర్దుబాటు అంటుంది. మీ అభిప్రాయం ముందే టైప్ చేసి ఇచ్చేయండి, మీటింగులో మాట తడబడినా అది రికార్డులో ఉంటుంది. మీటింగు తర్వాత మినిట్స్ (మీటింగులో ఏం జరిగిందో రాసే కాగితం) కాపీ తెచ్చుకుని మీరు అన్నది అందులో ఉందో లేదో చూడండి. ఒకసారి నేను ముప్పై నిమిషాలు మాట్లాడితే మినిట్స్‌లో "సభ్యురాలు తన అనుభవాలను పంచుకున్నారు" అని ఒక్క లైను రాశారు. సవరణ కోరుతూ లెటర్ పెట్టాను, మార్చారు.

కాగితానికి ఎంత బలం ఉంటుందో తెలియాలంటే రాజీవ్ రతూరి కేసు చూడండి. చూపు లేని ఒక వ్యక్తి 2005లో వేసిన పిటిషన్ అది. అందులో సుప్రీంకోర్టు మన శామీర్‌పేటలోని నల్సార్ డిజెబిలిటీ స్టడీస్ కేంద్రాన్ని నివేదిక ఇమ్మంది. ఆ నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబర్‌లో, 2016 చట్టం కింద కేంద్రం చేసిన నియమాల్లో, అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయని 15వ నియమం ఆ చట్టానికే విరుద్ధమని తీర్పు చెప్పింది.

తల్లిదండ్రుల విషయం జాగ్రత్తగా చెప్పాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చిందన్నా, మన దేశంలో ఆటిజం అన్న మాట నలుగురికీ తెలిసిందన్నా వాళ్ల పోరాటం వల్లే. వాళ్లతో గొడవ పెట్టుకోకండి. "మీరు ఇంత చక్కగా మాట్లాడుతున్నారు, మా అమ్మాయి అలా కాదు, ఆమె గురించి మీకేం తెలుసు" అని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. ఇది అందరికీ ఎదురైందే. 2010లో ఆరీ నీమన్ అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే నేషనల్ కౌన్సిల్ ఆన్ డిజెబిలిటీలో ఆటిజం ఉన్న తొలి సభ్యుడైనప్పుడూ ఇదే అభ్యంతరం వచ్చింది. నేను చెప్పే జవాబు ఇది: "నిజమేనమ్మా, మీ అమ్మాయి తరఫున నేను మాట్లాడలేను. ఆమెనే అడిగే దారి వెతుకుదాం, అందులో నేను సాయం చేస్తాను." మాట రానివాళ్ల కోసం బొమ్మల బోర్డులు, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్‌లు ఉన్నాయి. వాళ్లు కమిటీకి వస్తామంటే సాయానికి మనిషి, అదనపు సమయం ఇవ్వమని అడగడం మీ బాధ్యత అనుకోండి.

డబ్బులు అడగండి. అదే వేదిక మీద డాక్టర్‌కు గౌరవ వేతనం ఇచ్చి, మనకు శాలువా, మెమెంటో ఇచ్చి పంపిస్తారు. "మిగతా రిసోర్స్ పర్సన్లకు ఎంత ఇస్తున్నారో నాకూ అంతే ఇవ్వండి, ప్రయాణ ఖర్చు వేరుగా" అని పిలిచినప్పుడే మెసేజ్ పెట్టండి. అంకె చెప్పనక్కర్లేదు కాబట్టి బేరం ఉండదు. బడి పిల్లలకు, తల్లుల గ్రూపులకు నేను ఉచితంగానే చెబుతాను, అది నా ఇష్టం. ఫ్లెక్సీ మీద మీ పేరు ముందు "ఆటిజంతో బాధపడుతున్న" అని వేస్తారు. ముందురోజే "ఆటిజం ఉన్న" అని వేయమని చెప్పండి. శాలువా వద్దనీ అప్పుడే చెప్పేయండి.

ఉద్యోగం గురించి మీ భయం అర్థం లేనిది కాదు. నా వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరిగాక ఒక క్లయింటు తన లెక్కలు నాకు ఇవ్వొద్దన్నారు. చాలా బాధపడ్డాను. అందుకని ఫొటో, వీడియో, పూర్తి పేరు వాడాలా వద్దా అన్నది మీరే నిర్ణయించుకుని ముందుగా రాతపూర్వకంగా చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగం అయితే పారితోషికం తీసుకునే ముందు శాఖ అనుమతి తీసుకోండి. ప్రైవేటు కంపెనీ అయినా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి, ఉందేమో అడిగి చూడండి.

వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో మీరు రాయలేదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షల్లో ఆటిజాన్ని ఇసా అనే నలభై ప్రశ్నల స్కేలుతో కొలుస్తారు. అది సికింద్రాబాద్‌లోని ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ)లో తయారైంది. స్కోరు 70 కంటే తక్కువైతే ఆటిజం లేదనే లెక్క. పెద్దయ్యాక తెలిసినవాళ్లు, మాట్లాడగలిగేవాళ్లు చాలాసార్లు అక్కడే ఆగిపోతారు. వైకల్యం 40 శాతం లేకపోతే రిజర్వేషన్ రాదు, అంతవరకు నిజం. కానీ వివక్షకు గురికాకుండా ఉండే హక్కు, సర్దుబాట్లు అడిగే హక్కు శాతంతో ముడిపడి లేవు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. కమిటీలో ఎవరైనా "మీకు సర్టిఫికెట్ ఉందా" అని చిన్నబుచ్చితే ఆ తీర్పు పేరు చెప్పండి.

ఒంటి గురించి కూడా కాస్త. ఒక్క సెషన్ తర్వాత నాకు రోజున్నర మాట రాదు. మొదట్లో వారానికి మూడు ఒప్పుకుని, ఒక వేసవిలో రెండు నెలలు మంచం దిగలేకపోయాను. ఇప్పుడు నెలకు నాలుగే. మరుసటి రోజు క్యాలెండర్‌లో ఖాళీ అని ముందే రాసిపెట్టుకుంటాను. మీ లెక్క వేరుగా ఉండొచ్చు, కానీ ఆ లెక్క మీరే వేసుకోవాలి, నిర్వాహకులు వేయరు.

ప్రస్తుతానికి వాళ్లకు ఇలా జవాబు రాయండి: సభ్యత్వానికి సమ్మతమే, ఏ సెక్షన్ కింద నియమిస్తున్నారో ఉత్తర్వు కాపీ కావాలి, ఎజెండా వారం ముందు కావాలి, అభిప్రాయం రాతలో ఇస్తాను, ప్రభుత్వ అధికారులు కాని మిగతా సభ్యులతో సమానంగా ప్రయాణ ఖర్చు, సిట్టింగ్ ఫీజు ఇవ్వాలి, మీటింగ్ హాల్లో మైకు చప్పుడుకు దూరంగా కుర్చీ వేయించాలి. అరపేజీ చాలు. వాళ్ల జవాబు వచ్చాక అది ఏ కమిటీయో ఇక్కడే చెప్పండి, మొదటి మీటింగుకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలో అప్పుడు రాస్తాను.